గజం ధర, కిరాయి లెక్క

ఉత్తర తెలంగాణలో చేతికి నాలుగు రూపాయలు రాగానే వినిపించే సలహా ఒక్కటే: ఓ ప్లాటు తీసుకో. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో నెలనెలా డబ్బు అందుకునే జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ వైపు కుటుంబాలకు అదే చెప్తారు. గోదావరిఖనిలో రిటైర్మెంట్ సొమ్ము అందుకున్న గని కార్మికుడికీ, కరీంనగర్‌లో భార్యాభర్తలిద్దరూ టీచర్లయిన ఇంటికీ అదే. చెప్పేవాళ్లలో చాలామందికి ఆ అమ్మకంలో కమీషన్ ఉంటుంది. మిగిలినవాళ్లు తాము కొన్నది మంచిదేనని నమ్ముకోవాలి గనుక చెప్తారు.

ఈ సలహాలు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎంతవరకు నిలబడతాయో చూడాలంటే హైదరాబాద్ లెక్కలు పనికిరావు. అక్కడ ఒక కంపెనీ మూతపడితే మరొకటి తెరుచుకుంటుంది. ఇక్కడ ఒక్కో పట్టణానికి ఒక్కో జీతాల మూట ఉంది. బొగ్గు, కరెంటు, కాగితం, మరమగ్గం, సర్కారు ఆఫీసు, గల్ఫ్ చెక్కు: వీటిలో ఏది ఆగినా మొదట ఖాళీ అయ్యేది కిరాయి ఇల్లే.

"భూమి ధర తగ్గదు" అనే మాటనే తీసుకుందాం. బెల్లంపల్లి పాత బొగ్గు పట్టణం. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక 2001, 2011 జనాభా లెక్కల మధ్య ఆ ఊరి జనాభా పెరగకపోగా తగ్గింది. రామగుండంలోనూ అదే జరిగింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దగ్గర ఉంది. బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు, ఓపెన్‌కాస్టులతో పెరిగింది. కానీ కిరాయి కట్టేది బొగ్గు కాదు కదా. రామగుండంలో ఎరువుల కర్మాగారం 1999లో ఆగి, ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది 2021లో. మధ్యలో ఇరవై రెండేళ్లు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో తెరుచుకుంది. ఆదిలాబాద్ సిమెంటు ఫ్యాక్టరీ 1990ల చివర ఆగిపోయింది, ఇప్పటికీ తెరుచుకోలేదు.

ఇలాంటి ఊళ్లలో ధర పడిపోయిందని ఎవరూ ఒప్పుకోరు. గజం ఎంత అంటే పాత రేటే చెప్తారు. ఆ రేటుకు కొనేవాడు మాత్రం రాడు. ధర తగ్గడం అంటే ఇక్కడ అదే: అంకె అలాగే ఉంటుంది, అమ్మకానికి మూడేళ్లు పడుతుంది. కూతురి పెళ్లికి, ఆసుపత్రి ఖర్చుకు అమ్మాల్సి వచ్చినవాడికే అసలు ధర తెలుస్తుంది. అందుకే ఊళ్లో ఏ వీధిలో కొనాలన్న ప్రశ్న కన్నా ముందు అడగాల్సింది, పదిహేనేళ్ల తర్వాత ఈ ఊళ్లో జీతం ఇచ్చేది ఎవరు అని. కరీంనగర్‌కు ఆసుపత్రులు, కాలేజీలు, కోర్టులు, వ్యాపారం అన్నీ ఉన్నాయి కాబట్టి ఒకటి పోయినా మరొకటి ఆదుకుంటుంది. మంచిర్యాలకు కొంతవరకు ఆ బలం ఉంది. ఒక్క గని మీదో ఒక్క మిల్లు మీదో నిలిచిన ఊరికి లేదు.

2016 అక్టోబర్ 11న జిల్లాల విభజన జరిగినప్పుడు ఈ పాఠం ఇంకో రూపంలో వచ్చింది. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ రాత్రికి రాత్రే జిల్లా కేంద్రాలయ్యాయి. అధికారులకు ఇళ్లు, శాఖలకు ఆఫీసులు కావాల్సి వచ్చి పెద్ద భవనాల కిరాయిలు ఎగిశాయి. అప్పుచేసి అంతస్తులు లేపినవాళ్లున్నారు. 2021 నుంచి 2023 మధ్య సమీకృత కలెక్టరేట్లు ఒక్కొక్కటిగా తెరుచుకోగానే ఎన్నో ఆఫీసులు కిరాయి భవనాలు ఖాళీ చేసి అక్కడికి చేరాయి. ఉద్యోగుల ఇళ్లు మిగిలాయి, ఆఫీసుల కిరాయి పోయింది. సర్కారు కిరాయిదారు ఆలస్యంగానైనా డబ్బిస్తాడు, నిజమే. కానీ సొంత భవనం కట్టుకోవాలన్న ఆలోచన అతనికి మొదటి రోజు నుంచే ఉంటుంది. అలాంటి కిరాయిని నమ్మి ఇరవై ఏళ్ల లోన్ తీయకూడదు. 2022, 2023లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో మొదలైన సర్కారు మెడికల్ కాలేజీల చుట్టూ పుట్టిన కిరాయి గిరాకీ దీనికన్నా గట్టిది. విద్యార్థులు మారుతుంటారు గాని కాలేజీ కదలదు. అయినా కాలేజీ హాస్టళ్లు ఎప్పుడు పూర్తవుతాయో కనుక్కుని లెక్క వేసుకోవాలి.

ఇక రాబోయేవాటి మీద నడిచే బేరాలు. పెద్దపల్లి-నిజామాబాద్ రైలు మార్గానికి శంకుస్థాపన జరిగింది 1990ల్లో, అది పూర్తయింది 2017లో. ఆ మధ్య ఎన్ని వెంచర్ల బ్రోచర్లలో ఆ రైలు కూత వేసిందో! మనోహరాబాద్-కొత్తపల్లి మార్గానికి 2016లో శంకుస్థాపన జరిగితే 2023లో సిద్దిపేట దాకా రైలొచ్చింది. ఆదిలాబాద్-ఆర్మూర్ లైను గురించి దశాబ్దాలుగా వింటున్నాం. ఆదిలాబాద్ విమానాశ్రయం మాటా అంతే. ఇవి ఎప్పటికీ రావని కాదు. వచ్చేసరికి కొన్నవాడి వడ్డీ ఎంతైందన్నదే ప్రశ్న. రోడ్డు పడ్డాక కొంటే ధర ఎక్కువే, కానీ రోడ్డు కళ్ల ముందుంటుంది. పైగా కొత్త హైవే కోసం గీసిన గీతలోనే మన ప్లాటు పడితే వచ్చేది నష్టపరిహారమే, బ్రోచర్లో చెప్పిన లాభం కాదు.

లెక్క ఒకసారి కాగితం మీద పెడదాం. అరవై లక్షలకు రెండు పోర్షన్ల ఇల్లు కొన్నామనుకుందాం. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. పూర్తి ధరకే రిజిస్టర్ చేయిస్తే నాలుగున్నర లక్షలు, మొత్తం అరవై నాలుగున్నర. ఒక్కో పోర్షన్‌కు తొమ్మిది వేల చొప్పున నెలకు పద్దెనిమిది వేల కిరాయి. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే మిగిలేది లక్షా తొంభై ఎనిమిది వేలు. ఇంటి పన్ను, బోరు మోటారు, సున్నాలు, లీకేజీలకు ముప్ఫై వేలు తీసేస్తే లక్షా అరవై ఎనిమిది వేలు. పెట్టుబడి మీద రెండున్నర శాతం చిల్లర. ఇదే ఇంటికి నలభై లక్షలు లోన్ తీస్తే ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెల వాయిదా దాదాపు ముప్ఫై నాలుగు వేల ఏడు వందలు. కిరాయి పద్దెనిమిది వేలు. "కిరాయే వాయిదా కట్టేస్తుంది" అని చెప్పేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేసినట్టు కనిపించరు.

ప్లాటు సంగతి ఇంకా విచిత్రం. ఇరవై లక్షలకు కొన్నది పదేళ్లలో నలభై లక్షలైతే ఊరంతా చెప్పుకుంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చు లక్షన్నర కలిపి, అమ్మినప్పుడు లాభం మీద పన్నెండున్నర శాతం పన్ను తీసేసి చూస్తే ఏడాదికి వచ్చింది ఆరు శాతం లోపే. బ్యాంకు డిపాజిట్‌కు అటూ ఇటూ. కమీషన్, కంచె ఖర్చు ఇంకా కలపనేలేదు. ప్లాటు కొనొద్దని అనను. రెట్టింపైన ప్లాటు కథ వింటున్నప్పుడు ఎన్నేళ్లలో అని అడగాలి. అలాగే ఎన్ని ప్లాట్లు పెరగకుండా ఉండిపోయాయో కూడా.

అయితే ఈ జిల్లాల్లో డబ్బు పోయేది ఎక్కువగా ధర దగ్గర కాదు, హక్కు దగ్గర.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్, జైనూర్, కెరమెరి లాంటి చోట్ల షెడ్యూల్డ్ ప్రాంతం ఉంది. అక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ నడుస్తాయి. గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనడం చెల్లదని అందరికీ తెలుసు. తెలియనిది, ఒక గిరిజనేతరుడి నుంచి మరో గిరిజనేతరుడు కొన్నా చెల్లదన్నది. అమ్మకమే కాదు, తాకట్టు, లీజు, దానం కూడా బదలాయింపు కిందికే వస్తాయి. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడిదేనని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. "ముప్ఫై ఏళ్లుగా మా కబ్జాలోనే ఉంది, నోటరీ చేసిస్తాం" అని చెప్పి ఆ రోడ్ల వెంట స్థలాలు చూపించేవాళ్లున్నారు. జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఈ నేల గురించే. ఈ నిబంధన వెనుక ఉన్న చరిత్ర న్యాయమైనది. పెట్టుబడిదారుడి కోణంలో చూసినా జవాబు అదే: చవగ్గా దొరుకుతోందంటే కారణం ఉంది, ముట్టుకోవద్దు. ఆదిలాబాద్ పట్టణం ఆ పరిధిలోకి రాదు. మిగతా చోట్ల గ్రామం పేరు షెడ్యూల్డ్ జాబితాలో ఉందో లేదో తహసీల్దార్ ఆఫీసులో తేల్చుకోవాలి.

అసైన్డ్ భూమిది ఇంకో కథ. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన పట్టా భూమిని అమ్మడం 1977 చట్టం ప్రకారం చెల్లదు, సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. చెరువు శిఖం, దేవాదాయ, వక్ఫ్ భూములూ నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబర్ ఆ జాబితాలో ఉందో లేదో చూడటానికి నిమిషాలు చాలు. సర్వే నంబర్లో ఒక ఉపవిభాగమే జాబితాలో ఉండి, మనకు చూపించిన హద్దులు దానిలోకి చొచ్చుకుని ఉంటే మాత్రం కాగితం చెప్పదు, సర్వేయర్ గొలుసే చెప్పాలి. వ్యవసాయ భూముల రికార్డు 2020 అక్టోబర్ 29 నుంచి ధరణి పోర్టల్లో ఉండేది, 2025లో భూభారతి చట్టం వచ్చింది. పోర్టల్ పేరు మారినంత మాత్రాన పొలం గట్టు మీది తగాదా తీరదు.

బొగ్గు పట్టణాల్లో మరో చిక్కుంది. ఇల్లు కట్టి యాభై ఏళ్లవుతుంది, కరెంటు మీటరుంటుంది, ఇంటి పన్ను రసీదుంటుంది, నేల మాత్రం సింగరేణిది. జీవో 76 కింద క్రమబద్ధీకరణ జరిగిన ఇళ్లకు పట్టా ఉంది. అది లేని ఇంటిని కొంటే కొన్నది గోడలనే. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదన్న సంగతి గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిల్లో బయానా ఇచ్చేముందు మరోసారి గుర్తు చేసుకోవాలి.

తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు ఈ ప్రాంతంలో ఇంటింటికీ ఉన్నాయి. వాటిని క్రమబద్ధీకరించే ఏర్పాటు పొలం సాగు చేసుకుంటున్న రైతు కోసం వచ్చింది, వెంచర్ ప్లాటు కోసం కాదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం జరిగితే యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచి, అదీ రిజిస్టరైన లావాదేవీలే. అన్నదమ్ముల పంపకం తగాదా, కోర్టు కేసు, రిజిస్టర్ కాని ఒప్పందం అందులో కనిపించవు. లింకు డాక్యుమెంట్లన్నీ తెప్పించి, ఊళ్లో పక్క పొలం వాళ్లను ఓ గంట కూర్చుని పలకరించడం వకీలు అభిప్రాయానికి తోడు చేసుకోవాలి. అమ్మేవాడి చెల్లెళ్ల వాటా సంగతి వకీలు కన్నా ముందు పక్క పొలం వాళ్లే చెప్తారు.

లేఅవుట్ల దగ్గరికి వస్తే, అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను 2020 ఆగస్టు 26 నుంచి ప్రభుత్వం ఆపింది. ఆ తర్వాత వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు రాష్ట్రమంతటా పాతిక లక్షల దాకా దరఖాస్తులు పడ్డాయి. 2025లో ఫీజు మీద ఇరవై ఐదు శాతం రాయితీ ఇస్తే గాని కదలిక రాలేదు. సర్పంచ్ సంతకం ఉన్న పాత గ్రామపంచాయతీ లేఅవుట్ అసలు లేఅవుటే కాదు. కరీంనగర్ చుట్టూ అనుమతి సుడా పరిధిలోది, అంటే శాతవాహన పట్టణాభివృద్ధి సంస్థది. ఐదు వందల చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా నంబర్ కావాలి. రెండూ అడగాలి. తుది అనుమతి వచ్చిందా, రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా సంస్థ దగ్గర తాకట్టులో ఉంచిన ప్లాట్లలో మనది ఉందా అనీ అడగాలి. ఈ చివరి ప్రశ్న వినగానే ఏజెంట్ ముఖం ఎలా మారుతుందో గమనించండి.

మాస్టర్ ప్లాన్ చూడకుండా కొనడం ఇంకో ప్రమాదం. 2023 జనవరిలో జగిత్యాలలో ముసాయిదా ప్లాన్ తమ పొలాలను వినోద, ఇతర జోన్లలోకి నెట్టిందని రైతులు రోడ్డెక్కితే మున్సిపాలిటీ వెనక్కి తగ్గింది. నిర్మల్‌లోనూ ఆ ఏడాది పెద్ద ఆందోళన నడిచింది. జోన్ మారితే ఇంటి అనుమతి రాదు.

నీళ్లు పత్రాలు చూసి రావు. 2021 జూలైలో నిర్మల్ జీఎన్ఆర్ కాలనీ మునిగింది. 2022 జూలైలో గోదావరి పోటుకు రాళ్లవాగు ఎగదన్ని మంచిర్యాల కాలనీల్లో ఇళ్ల పైకప్పుల దాకా నీళ్లొచ్చాయి, నది ఒడ్డున కట్టిన మాతాశిశు ఆసుపత్రి నుంచే రోగులను తరలించాల్సి వచ్చింది. ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లెత్తిన రోజుల్లో, కొనాలనుకుంటున్న కాలనీలో గోడ మీద ఎంత ఎత్తున మరక పడిందో అక్కడి కిరాయిదారులను అడిగితే చాలు. ఎండాకాలంలో చూసి కొన్న ఇంటిని వానాకాలంలో ఇంకోసారి చూడకుండా మొత్తం డబ్బు ఇవ్వకూడదు.

ఇల్లు చేతికొచ్చాక కిరాయికివ్వడం వేరే పని. పదకొండు నెలల అగ్రిమెంటు అందరూ రాస్తారు. కారణం, ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంటికి అది చాలు. బ్యాంకుకో షోరూమ్‌కో మడిగె ఇస్తున్నప్పుడు మాత్రం ఖర్చుకు వెనకాడకుండా రిజిస్టర్ లీజు రాయించుకోవాలి. కిరాయి పెంపు, మరమ్మతులు ఎవరివి, ఖాళీ చేసేటప్పుడు లోపలి పనుల సంగతేంటి అన్నవన్నీ అందులో ఉండాలి. "మూడేళ్లు దాటి ఉంటే ఇల్లు వాడిదైపోతుంది" అన్న భయం ఈ పట్టణాల్లో బలంగా ఉంది, అందుకే మంచి కిరాయిదారునీ పంపించేస్తారు. కిరాయికి ఉన్నవాడు ఎన్నేళ్లున్నా యజమాని అనుమతితో ఉన్నట్టే, ఆ ఉండటం వల్లనే హక్కు పుట్టదు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కిరాయి ఒక మేర దాటిన ఇళ్లకూ కొత్త కట్టడాలకూ వర్తించదు. అలాంటివాటికి 1882 ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. నెలవారీ కిరాయికి, అగ్రిమెంటులో వేరేలా రాయకపోతే, పదిహేను రోజుల నోటీసు. నోటీసు సులువే. మొండికేసిన కిరాయిదారు మీద కోర్టుకు ఎక్కితే ఏళ్లు పడుతుంది. కరెంటు తీసేయడం, తాళం వేయడం లాంటివి చేస్తే కేసు మన మీదికే తిరుగుతుంది. అందుకే రెండు వందలు ఎక్కువిచ్చేవాడి కన్నా పనిచేసే చోటు తెలిసినవాడికి ఇల్లివ్వడం మేలు. కులం, మతం అడిగి ఇల్లిచ్చే అలవాటు ఇక్కడా ఉంది. న్యాయం సంగతి అటుంచినా, తలుపు తట్టేవాళ్లలో సగం మందిని వెనక్కి పంపి ఇల్లు ఖాళీగా పెట్టుకోవడం నష్టమే.

పోర్షన్‌కో మీటరు పెట్టించాలి. 2024 మార్చి నుంచి నడుస్తున్న గృహజ్యోతిలో రెండు వందల యూనిట్లలోపు సున్నా బిల్లు తెల్ల రేషన్‌కార్డున్న కిరాయిదారులకూ వస్తుంది, కానీ కార్డు ఒక మీటరుకు ముడిపడాలి. ఒకే మీటరు మీద మూడు కుటుంబాలుంటే యూనిట్లు కలిసిపోయి ఎవరికీ రాదు. ఈ సౌకర్యం ఉన్న పోర్షన్ ముందు కిరాయికి పోతుంది. అలాగే ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే మున్సిపాలిటీ ఐదు శాతం తగ్గిస్తుంది, బాకీ పడితే వడ్డీ వేస్తుంది. కిరాయి ఆదాయంలో కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో ముప్ఫై శాతం ఖర్చు చూపించకుండానే మినహాయింపు దొరుకుతుంది. కిరాయిని నగదుగా తీసుకుని దాచడంలో మిగిలేది ఎంతని! రేపు బ్యాంకు లోన్ అడిగితే చూపించడానికి ఆ ఆదాయమే ఉండదు. స్థలం బయానా ఇరవై వేలు, ఆపైన అయితే నగదు పనికిరాదు.

చివరగా గల్ఫ్‌లో ఉన్నవాళ్ల మాట, ఈ ప్రాంతపు పెట్టుబడిలో వాళ్లది పెద్ద వాటా కాబట్టి. ప్రవాసిగా ఉన్న కాలంలో ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే సరే. "రెండు గుంటల ఫామ్ ప్లాటు" పేరిట అబుదాబి గదుల్లోకి ఫోన్లో వచ్చే వీడియోల్లో ఈ మాట ఉండదు. అక్కడి నుంచి ఊళ్లో తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే మన కాన్సులేట్‌లో సంతకం చేసి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. అది కూడా ఫలానా ప్లాటుకు, ఫలానా పనికే ఇవ్వాలి. ఖాళీ ప్లాటుకు ప్రహరీ, మున్సిపల్ పరిధిలో ఉంటే ఖాళీ స్థలం పన్ను రసీదు, ఏడాదికోసారి తీసిన ఈసీ: కబ్జాదారుకు అడ్డుపడేవి ఇవే.

ప్రవాసి ఇల్లు కిరాయికిస్తే కిరాయిదారు ముప్ఫై శాతం పైనే పన్ను పట్టుకుని కట్టాలి. అమ్మినా కొనేవాడు పన్ను పట్టుకుని కట్టాలి. స్వదేశంలో ఉన్నవాడు అమ్మితే యాభై లక్షలు, ఆపైన బేరానికి ఒక్క శాతం పట్టుకుంటే చాలు. ప్రవాసి విషయంలో ఆ హద్దే లేదు, శాతమూ చాలా ఎక్కువ. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ ముందే తెచ్చుకోకపోతే డబ్బు రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోతుంది. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలాలను అమ్మితే పన్నెండున్నర శాతమా, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో ఇరవై శాతమా అని ఎంచుకునే వీలు కూడా దేశంలో నివాసి అయినవాడికే ఉంది. పదిహేనేళ్ల కిందట కొని పెద్దగా పెరగని ప్లాటుకు రెండోదే లాభం. కాబట్టి వచ్చే ఏడాది ఎలాగూ ఇంటికి తిరిగి వద్దామనుకుంటున్నవాడు, అవసరం మెడ మీద లేకపోతే, వచ్చి 182 రోజులు ఉండి నివాసి అయిన ఏడాదిలోనే అమ్మకం రిజిస్టర్ చేయించుకోవడం మంచిది.